గోదావరి డెల్టాలోని అరుదైన పక్షిని బొమ్మగా గీయడం ఎలా?

పక్షి బొమ్మ గీద్దామనుకోగానే మనలో చాలామంది చెయ్యి ముందు ఫోన్ మీదికి పోతుంది. పేరు కొట్టగానే వందల ఫొటోలు వస్తాయి, అందులో ఒకటి నచ్చుతుంది, దాన్ని చూసి గీసేస్తాం. ఆ ఫొటో చంబల్ నది ఒడ్డున తీసిందో, థాయ్‌లాండ్‌లో తీసిందో మనకు తెలియదు. ఆ పక్షి కింద ఉన్న ఇసుక మన ఇసుక కాదు, ఆ వెలుగు మన తీరం వెలుగు కాదు. పైగా ఇంకొకరు తీసిన ఫొటోను ఉన్నదున్నట్టు దించితే దాని మీద మన పేరు రాసుకోవడం కూడా సబబు కాదు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి ఒడ్డున కూర్చుని, కళ్లతో చూసి గీయడం. దీనికి ఓపిక కావాలి. అరుదైన పక్షి మనకు బాగా కనబడేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లో చెయ్యి తడబడకుండా ఉండాలంటే, అంతకు ముందు నెలల తరబడి మామూలు పక్షుల మీద ఆ చెయ్యి తిరిగి ఉండాలి.

ముందు ఏ పక్షిని గీయాలో తేల్చుకోండి

అన్నీ ఒకేసారి గీయాలనుకోవద్దు. ఈ చలికాలానికి ఒక్క పక్షిని ఎంచుకోండి. నా సలహా అడిగితే మూడు పేర్లు చెబుతాను.

మొదటిది ఇండియన్ స్కిమ్మర్. నలుపు, తెలుపు ఒళ్లు, నారింజ రంగు ముక్కు, పై ముక్కు కన్నా కింది ముక్కు పొడుగు. ప్రపంచం మొత్తం మీద కొద్ది వేలే మిగిలిన పక్షి ఇది. ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2020లో దీన్ని మరింత ముప్పులో ఉన్న ఎండేంజర్డ్ జాబితాలోకి మార్చింది. నదుల మధ్య ఇసుక తిన్నెల మీద నేల మీదే గుడ్లు పెడుతుంది. వేసవిలో డ్యామ్ నీళ్లు వదిలినా, నీళ్లు తగ్గి కుక్కలు తిన్నె మీదికి నడిచి వచ్చినా, ఇసుక తవ్వకాలు జరిగినా ఆ గుడ్లు దక్కవు. చలికాలంలో కాకినాడ తీరానికి గుంపులుగా వస్తుంది.

రెండోది నల్లతల లకుముకి, ఇంగ్లిష్ పేరు బ్లాక్ క్యాప్డ్ కింగ్‌ఫిషర్. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి పాయల్లో కనబడుతుంది. మూడోది రివర్ టెర్న్. పసుపు ముక్కు, నల్ల టోపీ, పొడవాటి చీలిక తోక. మన గోదావరి మీద ఎగిరే పక్షే అయినా ఇది కూడా ముప్పు జాబితాలోకి ఎక్కింది.

అసలు ఎప్పుడూ పక్షిని చూసి గీయనివారైతే ఈ మూడింటినీ పక్కన పెట్టి ముందు కొల్లేరు వైపు వెళ్లండి. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు అటవీశాఖ నీళ్లలో నిలబెట్టిన ఇనుప మంచెల మీద కూడా గూళ్లు పెడతాయి. పెద్ద పక్షి, బద్ధకంగా కూర్చుంటుంది, చాలాసేపు కదలదు. ముక్కు కింద సంచి, ముక్కు పక్కన వరసగా మచ్చలు, మెడ మడత, అన్నీ తీరిగ్గా చూసి గీసుకోవచ్చు. మొదటి గురువుగా గూడబాతు కన్నా మంచి పక్షి మన వైపు లేదు.

ఇంటి దగ్గర సాధన

పెరట్లో కోడి ఉంటే చాలా అదృష్టం. మూసిన రెక్క ఎలా ఉంటుందో కోడిని చూసి నేర్చుకోండి. పక్షి ఒంటి మీద ఈకలు చిందరవందరగా ఉండవు, గుంపులుగా ఉంటాయి. భుజం మీద ఒక గుంపు, దాని కింద పొట్టి ఈకల వరసలు, ఆ కింద ఎగరడానికి వాడే పొడవు ఈకలు. రెక్క మూసినప్పుడు ఇవి ఒకదాని మీద ఒకటి జారి సర్దుకుంటాయి. ఈ సర్దుబాటు అర్థమైతే ప్రతి ఈకా గీయాల్సిన పని ఉండదు. ఏ గుంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాలుగు గీతల్లో చూపించవచ్చు.

తర్వాత కాలవ గట్టుకు వెళ్లండి. కోనసీమలో, కాకినాడ చుట్టుపక్కల ఏ కాలవ దగ్గరైనా తెల్ల కొంగ, నారాయణ పక్షి, నీటికాకి, లకుముకి కనబడకుండా పోవు. ఒక్కో బొమ్మకు అర నిమిషం మాత్రమే ఇవ్వండి. రబ్బరు జేబులోంచి తీయొద్దు. తప్పు గీత పక్కనే సరైన గీత పెట్టండి. మొదట వెన్ను, మెడ కలిపి ఒకే ఒంపుగా గీయండి, తర్వాత తల, ముక్కు, ఆ తర్వాత కాళ్లు. కాళ్ల దగ్గర చాలామంది ఇబ్బంది పడతారు. కొంగ కాలు మధ్యలో వెనక్కి మడిచినట్టు కనిపించేది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పొట్ట ఈకల్లో దాగి ఉంటుంది. ఇది తెలుసుకుని గీస్తే పక్షి నేల మీద సరిగ్గా నిలబడుతుంది.

కొలతకు తలనే కొలబద్దగా పెట్టుకోండి. ముక్కు పొడవు తలకు ఎన్ని రెట్లు? రెక్క కొస తోకను దాటుతుందా, తోక లోపలే ఆగుతుందా? కళ్లు ముక్కు గీతకు పైనా, సరిగ్గా ఎదురుగానా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ప్రతి స్కెచ్ పక్కనా రాయండి. ఈ అలవాటు పడితే సగం పని అయినట్టే.

సామాను

ఎక్కువ కొనొద్దు. బయటికి తీసుకెళ్లడానికి చేతిలో ఇమిడే స్కెచ్ బుక్, 2బీ పెన్సిల్ రెండు, ఒక బాల్ పెన్ను. ఇంట్లో రంగులు వేయడానికి 300 జీఎస్ఎం (కాగితం మందాన్ని తెలిపే కొలత) వాటర్ కలర్ కాగితం. ఇంతకన్నా పలచనిది నీళ్లకు ఉబ్బిపోతుంది. రౌండ్ బ్రష్‌లు 8, 4, 1 నంబర్లు చాలు. రంగులు ఆరు: అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియెనా, ఎల్లో ఓకర్, కాడ్మియం ఎల్లో, వెర్మిలియన్, పర్మనెంట్ రోజ్. కామ్లిన్ ట్యూబులు మన ఊళ్ల స్టేషనరీ షాపుల్లోనే దొరుకుతాయి. ట్యూబు మీద వెలుగుకు ఎంత నిలుస్తుందో తెలిపే గుర్తు ఉంటుంది, అది చూసి కొనండి. కొన్ని చవక క్రిమ్సన్ రంగులు గోడ మీద రెండు మూడేళ్లలోనే వెలిసిపోతాయి. నల్ల రంగు ట్యూబు కొనొద్దు, ఎందుకో కింద చెబుతాను.

ఖర్చు పెట్టదగ్గది ఒక్కటే, 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే) బైనాక్యులర్. కొనలేకపోతే తెలిసినవాళ్ల దగ్గర అడిగి తీసుకోండి. అది లేకపోతే పక్షిని చూడటానికి దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. దగ్గరికి వెళితే పక్షి ఉండదు.

ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అయితే నెల కన్నా పోటు, పాటు ముఖ్యం. పాటు తీసినప్పుడు బురద మేటలు మైళ్ల కొద్దీ బయటపడతాయి, పక్షులు దూరంగా చెదిరిపోయి మేత మేస్తాయి. మీకు చుక్కలు మాత్రమే కనబడతాయి. పోటు వచ్చే కొద్దీ నీళ్లు బురదను కప్పేస్తాయి, పక్షులు ఒడ్డు వైపు జరుగుతూ మిగిలిన కొద్దిపాటి ఇసుక మీద గుంపుగా చేరతాయి. నిండు పోటుకు రెండు గంటల ముందే చేరుకుని కదలకుండా కూర్చుంటే అవే మీ వైపు వస్తాయి.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది, పక్షులు బాగా దగ్గరకు చేరతాయి. సప్తమి, అష్టమి ప్రాంతంలో నీటి ఎత్తులో తేడా తక్కువ, ఆ రోజుల్లో గుంపులు అంతగా కూడవు. పడవ మీద వెళ్లేవారైతే ముందు రోజే సరంగును అడగండి, "బాబాయ్, రేపు పోటు ఎన్నింటికి తిరుగుతుంది?" అని. ఏ యాప్ కన్నా ఆయన మాటే నమ్మకం, ఎందుకంటే ఏ పాయలో ఎంత నీరు ఉంటుందో ఆయనకే తెలుసు. పాటులో చిన్న పాయల్లో పడవ బురదలో దిగబడితే మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే ఉండాలి.

వెలుగు సంగతి కూడా చూసుకోండి. మనది తూర్పు తీరం. పొద్దున్నే ఒడ్డు నుంచి సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పక్షులన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి. ఆకారాలు నేర్చుకోవడానికి అది మంచిదే. రంగులు సరిగ్గా పట్టాలంటే మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి, అప్పుడు సూర్యుడు మీ వెనక ఉంటాడు. మధ్యాహ్నం తర్వాత నిండు పోటు పడే రోజును ఎంచుకుంటే రెండూ కలిసొస్తాయి.

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో చొల్లంగి దాటాక కోరింగ అభయారణ్యం వస్తుంది. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యంలో మడ చెట్ల మధ్యగా చెక్క వంతెన దారి ఉంది. లకుముకి కోసం అక్కడ పొద్దున్నే, జనం రాక ముందే వెళ్లాలి. స్కిమ్మర్, టెర్న్ కోసం సముద్రం వైపు ఇసుక మేటలు చూడాలి. లోపలికి పడవ మీద వెళ్లాలంటే అటవీశాఖ అనుమతితోనే వెళ్లండి.

ఒక జాగ్రత్త. మడ అడవిలో తిల్ల చెట్టు ఉంటుంది. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. అడ్డం వచ్చిందని కొమ్మ విరవొద్దు, విరిచిన చేతితో కళ్లు నలుపుకోవద్దు.

ఒడ్డున చేయాల్సిన పని

పక్షి కనబడగానే పెన్సిల్ తీయొద్దు. ముందు ఐదు నిమిషాలు ఊరికే చూడండి. ఎటు తిరిగి కూర్చుంది, ఏ పక్షి పక్కన ఎంత పెద్దగా ఉంది, గాలి ఎటు వీస్తోంది? టెర్న్‌లు, స్కిమ్మర్లు ఇసుక మీద గుంపుగా ఉన్నప్పుడు దాదాపు అన్నీ గాలికి ఎదురుగానే ముఖం పెడతాయి. ఈ ఒక్క విషయం చూసి గీస్తే గుంపు బొమ్మకు వెంటనే ప్రాణం వస్తుంది. తలొకవైపు తిరిగి ఉన్నట్టు గీసిన బొమ్మను చూస్తే తీరం తెలిసినవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది.

ఆ తర్వాత చిన్న చిన్న స్కెచ్‌లు వేయండి, ఒక పేజీకి ఏడెనిమిది. పక్షి కదిలితే వదిలేసి కొత్తది మొదలుపెట్టండి. అది మళ్లీ అదే భంగిమకు వస్తే పాతదాన్ని పూర్తి చేయొచ్చు. రంగులు ఒడ్డున వేయొద్దు, మాటల్లో రాసుకోండి: "మెడ తెలుపు, కింద బురద రంగు నీడ", "ముక్కు కొస పసుపు", "కాళ్లు ఎరుపు, తడిసి ముదురుగా". ఫోన్‌తో ఒకటి రెండు ఫొటోలు తీసుకోండి, కానీ అవి గుర్తు కోసమే. ఫోన్ కెమెరా తెల్ల ఈకల్లోని నీడలను తినేస్తుంది, బురద రంగును మార్చేస్తుంది.

పక్షుల గుంపు మెడలు ఎత్తి ఒకేసారి మీ వైపు చూసిందంటే మీరు మరీ దగ్గరికి వచ్చారని అర్థం. వెంటనే కూర్చోండి, లేదా మెల్లగా వెనక్కి జరగండి. రాలిన ఈక దొరికితే అక్కడే పెట్టి గీసుకుని అక్కడే వదిలేయండి. గుడ్లు, గూళ్లు ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లు తీయడం వేట కిందికే వస్తుంది. కూత రికార్డింగ్ వేసి పక్షిని పిలిచే పద్ధతిని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. అది తన చోటును కాపాడుకోవాలనే కంగారులో వస్తుంది, మనం దాన్ని అలసిపోయేలా చేసి బొమ్మ గీసుకుంటాం.

స్కిమ్మర్ బొమ్మ, మొదటి గీత నుంచి

ఇంటికి వచ్చాక అదే రోజు రాత్రి పెద్ద బొమ్మ పెన్సిల్ పని మొదలుపెట్టండి. కళ్లలో ఇంకా ఆ ఆకారం ఉంటుంది.

కాగితం మీద అడ్డంగా, కొద్దిగా ముందుకు వాలిన ఒక గీత గీయండి. ముక్కు కొస నుంచి రెక్క కొస దాకా ఆ గీత మీదే పక్షి అంతా ఉంటుంది. కూర్చున్న స్కిమ్మర్ పొడవు 40 సెంటీమీటర్ల పైచిలుకు, రెక్కలు విప్పితే మీటరు దాటుతుంది. అంత పొడవు రెక్కలు మూసినప్పుడు వెనకాల తోకను దాటి చాలా దూరం పోతాయి, కొసలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. కాళ్లు మాత్రం చాలా పొట్టి. పక్షి నేలకు అంటుకున్నట్టు ఉండాలి. కాళ్లు పొడుగు చేశారంటే అది మరో పక్షిలా కనబడుతుంది.

ముక్కు దగ్గర తొందరపడొద్దు. పక్క నుంచి చూస్తే మొదట్లో బాగా లోతుగా ఉంటుంది, కొసకు సన్నబడుతుంది. ఎదురుగా చూస్తే కత్తి అంచులా పలచగా ఉంటుంది. కింది ముక్కు పై ముక్కును స్పష్టంగా దాటాలి. ఎగురుతూ నోరు తెరిచి ఆ కింది ముక్కుతో నీటిని గీసుకుంటూ పోతుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది. అందుకే ఆ పొడవు. ఈ తేడా కనిపించకుండా గీస్తే అది స్కిమ్మర్ కాదు.

తల మీద నల్ల టోపీ కంటిని కలుపుకుని ఉంటుంది. నుదురు తెలుపు. టోపీకి, వీపు నలుపుకు మధ్య మెడ చుట్టూ తెల్ల పట్టీ పూర్తిగా తిరగాలి. కన్ను నల్ల ఈకల్లోనే ఉంటుంది కాబట్టి దాన్ని పెద్దగా చూపించాలని తంటాలు పడొద్దు, ఒక చిన్న మెరుపు చుక్క చాలు.

ఇప్పుడు రంగులు. తెల్లటి చోట్లకు తెల్ల రంగు వేయరు, కాగితాన్నే వదిలేస్తారు. మొదట పొట్ట కింది నీడ వేయండి: నీళ్లలో బాగా పలచన చేసిన అల్ట్రామెరైన్, దానిలో చిటికెడు రోజ్. అది తడిగా ఉండగానే పొట్ట అడుగున పలచటి ఓకర్ తాకించండి. బురద మేట మీద పడిన ఎండ పక్షి పొట్టకు తిరిగి తగులుతుంది, ఆ వెచ్చటి రంగు అక్కడ తప్పకుండా కనబడుతుంది. ఇది వేయకపోతే పక్షి గాలిలో అతికించినట్టు ఉంటుంది.

నలుపుకు అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెనా కలపండి. రెండూ చిక్కగా ఉంటే మంచి నలుపు వస్తుంది. సియెనా కాస్త ఎక్కువ చేస్తే గోధుమ ఛాయ వస్తుంది. స్కిమ్మర్ వీపుకు అదే కావాలి, ఎందుకంటే దాని నలుపు బొగ్గు నలుపు కాదు. చలికాలంలో మరీ మట్టిరంగు కలిసినట్టు ఉంటుంది. ట్యూబు నలుపు వేస్తే ఈ తేడాలన్నీ చచ్చిపోయి ఒకే మచ్చ మిగులుతుంది. మొదటి పొర పలచగా, ఆరాక రెండో పొర ఈక గుంపుల అంచుల దగ్గర మాత్రమే.

ముక్కు చివర్లో వేయండి. మొదట మొత్తం పసుపు, అది ఆరాక మొదలు నుంచి వెర్మిలియన్ తెచ్చి కొస దగ్గర పసుపులో కలిసిపోయేలా వదిలేయండి. మీరు చూసిన పక్షి ఒంటి మీద పొలుసుల్లాంటి లేత అంచులు ఉండి, ముక్కు మసకగా, కొస నల్లగా ఉంటే అది పిల్ల పక్షి. పిల్లను పిల్లలాగే గీయండి, పెద్ద పక్షి రంగులు అరువు తెచ్చి పెట్టొద్దు.

లకుముకి నీలం గురించి

నల్లతల లకుముకి కూడా ఇదే పద్ధతి, కాబట్టి తేడాలు మాత్రం చెబుతాను. మన కాలవల దగ్గర రోజూ కనబడే లకుముకికి గోధుమ తల, తెల్ల గొంతు, పచ్చఛాయ నీలం రెక్కలు. నల్లతలది ముదురు వంకాయ ఛాయ నీలం, తెల్ల మెడపట్టీ, కింద లేత ఇటుక రంగు, పగడం రంగు ముక్కు. ఆ నీలం రంగుపదార్థం వల్ల రాదు, ఈక లోపలి నిర్మాణం మీద వెలుగు చెదరడం వల్ల వస్తుంది. అందుకే నీడలోకి వెళ్లగానే దాదాపు నల్లగా మారుతుంది. వెలుగు ఎటు నుంచి పడుతోందో స్కెచ్‌లో బాణం గీసి గుర్తు పెట్టుకోండి. అల్ట్రామెరైన్‌లో రోజ్ కలిపి పలచటి పొరలు మూడు వేయండి, ఒక్కటి ఆరాకే మరొకటి. ఒకేసారి చిక్కగా వేస్తే నీలం మొద్దుబారిపోతుంది.

బురద, మడ చెట్లు

పక్షి చుట్టూ ఖాళీ వదిలేయడం నాకు నచ్చదు. ఆ పక్షి ఇక్కడికి వచ్చిందే ఈ బురద కోసం. తెల్లమడ, నల్లమడ చెట్ల కింద బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేర్లు ఉంటాయి. అవి గుంపులుగా, ఎత్తు తేడాలతో ఉంటాయి, దువ్వెన పళ్లలా సమానంగా గీయకండి. బురదకు ఓకర్, సియెనా, కొద్దిగా అల్ట్రామెరైన్ కలిపి, నీరు నిలిచిన చోట ఆకాశం రంగు వదలండి. తిల్ల ఆకులు రాలే ముందు ఎర్రబడతాయి. లకుముకి బొమ్మలో ఒక మూల ఆ ఎరుపు రెండు మూడు చోట్ల పెడితే ముక్కు ఎరుపుకు జత కుదురుతుంది, అబద్ధమూ కాదు.

ఈ పలచటి పొరల పని ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలనుకుంటే రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి. 1897లో పుట్టి 1925లోనే చనిపోయిన ఆ చిత్రకారుడి వాటర్ కలర్ల ముందు తీరిగ్గా నిలబడండి. రంగు ఎక్కడ వేశారో, కాగితాన్ని ఎక్కడ ముట్టుకోకుండా వదిలారో గమనించండి.

వివరాలు, ఫ్రేమ్, తేమ

బొమ్మ వెనక పెన్సిల్‌తో పక్షి పేరు, నెల, సంవత్సరం, ప్రాంతం, పోటా పాటా అన్నది రాయండి. గూడు పెట్టిన పక్షి అయితే, రివర్ టెర్న్ తిన్నె లాంటిదైతే, ఊరు పేరు వద్దు, జిల్లా పేరు చాలు. ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు కూడా అంతే. ఫొటోలో లొకేషన్ ఆఫ్ చేయండి.

మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వేసిన పొర పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, వేలి వెనక వైపు తాకించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. కాగితాలను జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లంతో పెట్టుకోండి, ట్రంకు పెట్టెలో అడుగున వద్దు. ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దం బొమ్మను తాకకుండా మధ్యలో మౌంట్ బోర్డు పెట్టమని షాపతనికి గట్టిగా చెప్పండి. వెనక మామూలు అట్ట పెడితే కొన్నాళ్లకు అది కాగితాన్ని పసుపు చేస్తుంది, ఆమ్లం లేని బోర్డు అడగండి. సముద్రం వైపు గోడకు, బాత్‌రూమ్ పక్క గోడకు వేలాడదీయొద్దు. వానాకాలం వెళ్లాక ఏడాదికోసారి ఫ్రేమ్ వెనక టేపు విప్పి చూడండి. గోధుమ రంగు చుక్కలు మొదలైతే వెనక బోర్డు మార్చి, రెండు రోజులు నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టి మళ్లీ కట్టించండి.